రెండు ఊళ్లలో ఒకే పుస్తకం

జనగామలో రామచంద్రం పంతులు రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, తన భజనల పుస్తకంలోని ఒక కీర్తనను కాగితం మీద మళ్లీ రాసేవాడు. ఆ కాగితం కాటారంలో ఉన్న చెల్లెలు అనసూయకు పోస్టులో పోయేది. ఆమె దాన్ని తన పుస్తకంలో కుట్టుకునేది. ఇల్లు కాలినా, చెదలు పట్టినా దేవుడి పాట ఒకచోటన్నా మిగలాలని ఆయన ఆశ. ఇక్కడ ఒక మాట కొట్టేస్తే, అక్కడా కొట్టెయ్యమని కార్డు రాసేవాడు. రెండు పుస్తకాలకూ అక్షరం తేడా ఉండకూడదు.

అందులో రెండు పాటలు కూతురు కస్తూరి కట్టినవి. తెలంగాణ ఉద్యమం నడిచిన అరవై తొమ్మిదిలో, బస్సులు తిరగని రోజుల్లో, జ్వరం ముదిరి ఆ పిల్ల దవాఖాన చేరకముందే పోయింది. ఆ పాటలు చూడలేక పంతులు ఆ పేజీలు చింపి పొయ్యిలో వేశాడు. అలవాటు కొద్దీ, అక్కడా చింపెయ్యమని కార్డు కూడా రాశాడు.

పదేళ్లకు, భజనలో ఎవరో ప్రేమగా కస్తూరి పాట పాడమంటే ఒక్క చరణమూ నోటికి రాలేదు. మర్నాడే కాటారం పోయాడు. పుస్తకమంతా తిరగేశాడు.

"చింపినవా, చెల్లె?"

"నువ్వే రాస్తివి గద అన్నా! ఏడ్సుకుంటనే చింపిన. నీ మాట ఎన్నడన్న దాటిన్నా?"

అనసూయ అన్నం పెట్టి, విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చుంది. ఆయన ముద్ద కలిపి ఆగిపోయాడు.

"ఒక్కటి అడుగుత. ఇగమీద నేను చింపుమని రాసినా, నువ్వు జర చింపకు చెల్లె."