కుంకుమ పడిన ఫ్లాపీ

ఎనభైల చివర్లో హనుమకొండ సుబేదారిలోని మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. జిల్లా చెరువులు, బావుల వివరాలు రిజిస్టర్లలోంచి దానిలోకి ఎక్కించే పని మా టైపిస్టు అక్కకు పడింది. నాకంటే నాలుగేళ్లు పెద్దది. యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకుంది. వేళ్ల కీళ్లు వాచినా, పొద్దున్నే వేడినీళ్లలో చేతులు ముంచుకుని వచ్చి ఎనిమిది నెలలు కొట్టింది.

ఆయుధపూజ నాడు టైపు మిషన్లకు బొట్టు పెట్టడం మాకు అలవాటు. ఆ ఏడు అక్క కంప్యూటర్‌కు బంతిపూల దండ వేసింది. రోజూ దాన్ని మొదలుపెట్టే ఫ్లాపీకి కూడా తడి కుంకుమ పెట్టింది. ఫ్లాపీ అట్టకు ఒక సందు ఉంటుంది, సమాచారమంతా ఉండే లోపలి పల్చని రేకు అందులోంచి కనబడుతుంది. బొట్టు సరిగ్గా అక్కడే పడింది.

పండుగ తర్వాత ఆ ఫ్లాపీ పనిచేయలేదు. అక్క బీరువాలోంచి ఇంకో పాత ఫ్లాపీ తీసి పెట్టింది. కంప్యూటర్ లేచింది. కానీ ఆమె పనంతా దాచిన లోపలి డిస్కు, అదే సి డ్రైవ్, అసలు లేదంది.

"తమ్మీ, జర ఇటు రా. సి లేదంటాంది. ఎటు పోయింది?"

అటెండరు తొంగి చూశాడు. "అమ్మవారికి బొట్టు నచ్చింది గావచ్చు అక్కా, డ్రైవే పట్టుకపోయింది."

"నీ నోట్ల మన్నువడ! నేనే చెడగొట్టుకున్న, నువ్వు నవ్వుతాన్నవ్?"

ఆఫీసరు హైదరాబాదులోని కంప్యూటర్ కంపెనీకి ఫోన్ చేసి వచ్చాడు. "డిస్కు తుడిచి కొత్తగ చేసుకోమంటాండు. మళ్ల మొదటికెళ్లి కొట్టాలె అమ్మా."

అక్క కుర్చీ వెనక్కి జరుపుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు ఆ వేళ్ల వైపు చూడబుద్ధి కాలేదు.

"ఒక్క రోజు ఆగుండ్రి సార్," అన్నాను.

ఇంటికి వెళ్లి, కంప్యూటర్ బిగించిన నాటి డైరీ తీశాను. ఆ రోజు వచ్చిన ఇంజనీరు చెప్పిందంతా రాసుకున్నాను: 'డిస్కు నలభై మెగాబైట్లు, మొత్తం ఒకే భాగం. కంప్యూటర్‌ను నడిపే డాస్ ప్రోగ్రాం నాలుగో వెర్షన్‌తో చేశాడు. మూడో వెర్షన్ ముప్పై రెండు మెగాబైట్లు దాటిన భాగాన్ని గుర్తుపట్టదన్నాడు.' కుంకుమ పడింది నాలుగో వెర్షన్ ఫ్లాపీ మీద; బీరువాలోని దాని అట్ట మీద మూడు అని ఉండడం చూశాను. అంటే డిస్కులో అన్నీ ఉండాలి, ఈ ఫ్లాపీకే తెలియడం లేదు. అయినా ధైర్యంగా అక్కకు చెప్పలేకపోయాను. తప్పయితే?

మర్నాడు పొద్దున ఊళ్లోనే ఒక కాలేజీ కంప్యూటర్ గదికి వెళ్లి, అక్కడి లెక్చరర్‌ను బతిమాలి నాలుగో వెర్షన్ ఫ్లాపీకి కాపీ తెచ్చాను.

"పెట్టు అక్కా."

"నా చెయ్యి వద్దు తమ్మీ. దీన్ని మళ్ల ముట్ట."

నేనే పెట్టాను. కంప్యూటర్ చాలాసేపు గురగురలాడింది. సి అని కొట్టాను. ఈసారి లేదనలేదు. ఊళ్ల పేర్లతో ఉన్న ఫైళ్లు ఒకదాని వెంట ఒకటి పైకి పోతుంటే అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. పెదవులతో పేర్లు చదువుకుంటోంది.

"వర్ధన్నపేట ఉన్నదా?"

"ఉన్నది."

"పాలంపేట? అది సగంల ఆపిన."

తెరిచాను. పదిహేడో బావి దగ్గర ఆగి ఉంది. అక్క కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత నన్ను భుజంతో పక్కకు నెట్టి, రిజిస్టర్ తెరిచి, పద్దెనిమిదో బావి లోతు కొట్టడం మొదలుపెట్టింది.