గేటు కాడ నిలబడ్డ మేనేజరు

మొన్న ఉప్పల్‌ల మెట్రో దిగుతుంటే, పోచారంల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనకోడలు ఫోన్ చేసి, వాళ్ల కంపెనీల మందిని తీసేస్తున్నరని, పెద్దసారు తెర మీద మాట్లాడినంతసేపు వీళ్లందరి మైకులు బంద్ పెట్టిన్రని చెప్పింది. అడిగే నోరు మూసి ఏం నమ్మమంటరు, నా బొంద! ఆ మాటకు నాచారంల మా ఫ్యాక్టరీ యాదికొచ్చింది.

ఫ్యాన్లకు రేకులు కొట్టే ఆ ఫ్యాక్టరీల నేను, మా అక్క మొగుడు, అంటే ఈ పిల్ల నాయన, ఇద్దరం పనిచేసేటోళ్లం. ఒకనాడు పెద్ద ప్రెస్సు కింద బావ కుడిచెయ్యి నలిగిపోయింది. మేమింకా దవాఖానాల ఉండంగనే సేటు, మిషన్‌కు దిష్టి తగిలిందని అయ్యగారిని పిలిపించి, గుమ్మడికాయ కొట్టించి, నెత్తుటి మరకల మీద కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించి, అంతా బాగుందని గోడకు నోటీసు అంటించిండు. పూజ జేస్తే మెత్తబడతమనుకున్నడు. మాకేమో ఆ రంగు చూస్తేనే కడుపు రగిలేది. పని ఆగితే ఫ్యాక్టరీ మూతపడి మా పొట్టలే కాలుతయని తెలిసి కూడ ఒక్కడు ఆ మిషన్ ముట్టలే.

అప్పుడొచ్చిండు కొత్త మేనేజరు. ముందుగాల మా అక్క ఇంటికి పోయి, చాప మీద కూసొని మాట్లాడి వచ్చిండు. తర్వాత షిఫ్టు మారే యాళ్ల, ఎక్కేటోళ్లు దిగేటోళ్లు కలిసే గేటు కాడ నిలబడి, చెయ్యి ప్రెస్సు కిందికి పోకుండ అడ్డముండే జాలీని పని జల్దీ కావాలని కంపెనీయే తీయించిందని, తప్పు తమదేగాని బావది కాదని అందరి ముందట చెప్పిండు. అంత మొగోళ్లం, మాకు ఏడుపాగలే. ఇగ రోజూ అక్కడే నిలబడేటోడు, తిట్టినా వినేటోడు. తెల్వనిదాన్ని "నాకు తెల్వదు తమ్మీ, కనుక్కొని రేపు చెప్త" అనేటోడు, మర్నాడు చెప్పేటోడు కూడ. జాలీ బిగించినంక మమ్మల్నే గుంజి చూసుకొమ్మన్నడు. గట్ల మళ్లీ పనిలకు దిగినం.

కంపెనీ పరువు తీసిండని సేటు ఆయన్ను పంపించేసిండు. పోతున్న సంగతి కూడ ఆయనే గేటు కాడ చెప్పి పోయిండు. తెల్లారి గోడ మీద మళ్లీ నోటీసు, అంతా బాగుందని. జాలీ మళ్ల తీసిన్రేమోనని ఒక్కడు లోపలికి పోలే. కొన్నాళ్లకు ఫ్యాక్టరీకి తాళం పడ్డది, మేం తలా ఒక దిక్కయినం.

ఇప్పుడు మాట చేరేయనీకి చేతికో ఫోనుంది గని, ఎదురుంగ నిలబడి తిట్లు తినే మనిషే కరువైండు. నన్ను ఇప్పటికీ తినేసే సంగతి ఒకటే. ఆ రెండో నోటీసుల రాసింది నిజమేనని తర్వాత తెలిసింది. జాలీ గట్టిగనే ఉండె, మిషన్ మంచిగనే ఉండె. చెప్పిన సేటును నమ్మలేకనే మా నోటికాడి కూడు మేమే వదులుకున్నం.