తిరగేసిన రెక్క

ఆ రోజుల్లో మా చోడవరంలో పెళ్ళీడు కుర్రాణ్ణి గోత్రం కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటుండేది: టెంపరరీయా, పెర్మనెంటా? ఆంధ్ర రాష్ట్రం అప్పుడే కొత్తగా వచ్చింది. ఎక్కడ చూసినా కొత్త ఆఫీసులు, ప్రతి ఆఫీసులోనూ నాలాంటి టెంపరరీ వాడొకడు స్టూలు అంచున కూర్చుని ఉండేవాడు. (స్టూలు నిండా కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అయినా ఆ హక్కు పెర్మనెంటు వాళ్ళదేనని నాకు గట్టి నమ్మకం.) మాది చెరకు తెగుళ్ళ ఆఫీసు. అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు, ఒక బల్ల, ఒక భూతద్దం, గోడ మీద ఒక చార్టు. సాయంత్రం చెరకు తోట గట్టున పెట్రోమాక్సు దీపం వెలిగించి, కింద బేసిన్‌లో నీళ్ళు పెట్టి, తెల్లవారాక అందులో పడి చచ్చిన రెక్కల పురుగుల్ని ఏరి, ఆరబెట్టి, సూదులకు గుచ్చి, ఏది ఏ జాతిదో రాయడం నా పని. మిగిలిపోయినవి ఇంటికి తెచ్చుకుని కిటికీలో ఆరబెట్టేవాణ్ణి. "సచ్చిన పురుగుల్ని నట్టింట్లో పెట్టుకోడం ఏట్రా, కూడు ఎలా దిగుద్ది నీకు?" అని మా అమ్మ రోజూ పొద్దున్నే నన్నూ, నా ఉద్యోగాన్నీ కలిపి తిట్టేది.

మా పై అధికారిని చాటున అందరూ చుక్కల దొరగారు అనేవారు. పురుగు రెక్కల మీద చుక్కలు చూసి ఆయన పడే పరవశం అలాంటిది. నిజానికి చుక్కల్లోనే ఉంది కిటుకంతా. లేత చెరకు మొవ్వును ఎండబెట్టేది పీక పురుగు. ఎదిగిన గెడను లోపల్నుంచి తొలిచేది కాండం పురుగు. రెక్కలొచ్చాక రెండూ ఒకే ఎండుగడ్డి రంగు, ఒకే వేలి గోరంత సైజు. ఒకదానికి రెక్క అంచున సన్నచుక్కల వరస స్పష్టంగా ఉంటుందనీ, రెండోదానికి రెక్క మధ్యలో ముదురు చుక్క ఉంటుందనీ దొరగారు చెప్పేవారు. ఏది ముందు వచ్చిందో తెలిస్తేనే రైతుకు ఏం చెయ్యాలో చెప్పగలం. అందుకని ఆయన తన సొంత కెమెరాతో ఫొటోలు తీసి, పట్నంలో కడిగించి, ఆ చార్టు చేయించారు. నడిమధ్యన పక్కపక్కనే ఆ రెండు పురుగులూ నలుపు తెలుపుల్లో రెక్కలు పరుచుకుని ఉండేవి. జిల్లా ఆఫీసులన్నిటికీ ఆ చార్టే వెళ్ళింది. దొరగారు గదిలోకి వస్తూ ముందు దాన్ని చూసి, తర్వాత మమ్మల్ని చూసేవారు.

నా బాధేమిటంటే, బేసిన్‌లో దొరికిన పురుగుల్ని ఎన్నింటిని ఆ చార్టు కింద పెట్టి చూసినా మొదటి ఫొటోకూ సరిపోయేవి, రెండో ఫొటోకూ సరిపోయేవి. నా కళ్ళలోనే లోపం ఉందనుకున్నాను. పొన్నగంటికూర తిన్నాను. లాభం లేకపోయింది. చివరికి ఆ రెండు ఫొటోల నకళ్ళు అడిగి తీసుకుని, ఒక ఆదివారం గోవాడ దగ్గర మా మావయ్య ఇంటికి పట్టుకెళ్ళాను. (పురుగుల కోసం వెళ్ళానంటే మా మావయ్య కూడా నమ్మలేదు. ఆయనకో కూతురుంది. నా ఉద్యోగం పెర్మనెంటయితే ఆ పిల్లను నాకే ఇస్తానని మా అమ్మతో అని ఉన్నాడు.) ఆ పిల్ల అరుగు మీద అద్దం ముందు కూర్చుని జడ వేసుకుంటోంది. నేను పక్కన చేరి, పండితుడిలా గొంతు సవరించుకుని, చుక్కల శాస్త్రం విప్పాను. ఆమె కాసేపు విని, ఒక ఫొటో లాక్కుని అద్దానికి ఎదురుగా పెట్టింది.

"పాపం, దీనికీ సోకు సెయ్యాల. నీ పురుగు మొగం అది కూడా సూసుకోవద్దేటి?" అని నవ్వి, చటుక్కున నవ్వు ఆపేసింది. "బావా, ఇటు సూడు. ఇదీ అదీ ఒకటే కదా!"

చూశాను. మొదటి ఫొటోలో కుడి రెక్క అంచు చిన్నగా చిరిగి ఉంది. అద్దంలో ఆ చిరుగు ఎడమవైపుకు వచ్చింది. రెండో ఫొటోలో ఎడమ రెక్కకు సరిగ్గా అదే చోట, అదే చిరుగు! కడిగినవాడెవడో ఒకే ఫొటో ఫిల్మును తిరగేసి మళ్ళీ అచ్చువేశాడు. ఒకే పురుగు రెండు జాతులై జిల్లా అంతటా గోడలెక్కింది. నేను ఎగిరి గంతేశాను. మావయ్య మాత్రం చుట్ట పక్కన పెట్టి, "ఒరే, వచ్చే వారం నీకు పెర్మనెంటు ఇంటర్వ్యూ. అది అయ్యేదాకా అవి రెండు పురుగులే. కావాలంటే మూడను. ఒకటని మాత్రం అనకు" అన్నాడు. నేను తలూపాను. మనసులో మాత్రం, దొరగారంత శాస్త్రజ్ఞుడు తప్పు దొరికితే నన్ను కావలించుకోడా అనుకున్నాను.

ఇంటర్వ్యూకి పట్నంనుంచి పెద్దదొరగారు వచ్చారు. పక్కనే మా చుక్కల దొరగారు. నాకు పోటీ అనకాపల్లినుంచి వచ్చిన క్రాపు కుర్రాడొకడు. వాడు నా ముందే లోపలికెళ్ళి, రెండు ఫొటోలకూ తేడాలు గడగడా అప్పజెప్పడం గుమ్మం బయటికి వినబడింది. "రెండోదాంట్లో ఒక గాంభీర్యం ఉందండి" అని కూడా అన్నాడు. తర్వాత నన్ను పిలిచారు.

"ఈ రెండింటికీ తేడా చెప్పవోయ్" అన్నారు పెద్దదొరగారు.

మావయ్య మాట నాలుక చివరకొచ్చింది. మింగేశాను. "తేడా లేదండి. ఇది ఒకే పురుగండి. ఫొటో తిరగబడిందండి" అని, జేబులోంచి చిన్న అద్దం తీసి చార్టు దగ్గర పట్టుకున్నాను. (అద్దం తెచ్చుకున్నానంటే చూడండి, చెప్పకూడదని ఎంత గట్టిగా అనుకున్నానో!) పెద్దదొరగారు వంగి అద్దంలోకి చూశారు. చార్టు కేసి చూశారు. మళ్ళీ అద్దం. "అరె, భలే పట్టావోయ్!" అని ఫక్కున నవ్వారు. నా మెడలో పూలదండ పడినంత పనైంది. అప్పుడు చుక్కల దొరగారు చాలా నెమ్మదిగా, "చార్టును తమరే మెచ్చుకుని, తమ సంతకంతో అన్ని ఆఫీసులకూ పంపించారండి" అన్నారు. నవ్వు ఆగిపోయింది.

మర్నాడు చుక్కల దొరగారే నన్ను పిలిచి కబురు చెప్పారు. కోపంగా కూడా చెప్పలేదు, జాలిగా చెప్పారు. "నువ్వే చెప్పు నాయనా. రెండు జాతులకూ తేడా కనబడనివాణ్ణి ఈ పనిలో ఎలా పెట్టుకోను?"

ఉద్యోగం క్రాపు కుర్రాడికి వెళ్ళింది. కొన్నాళ్ళకు పాత చార్టు దిగిపోయి, అసలైన కాండం పురుగు ఫొటోతో కొత్తది వచ్చిందని విన్నాను. తప్పు కనిపెట్టింది దొరగారేనట. నేను అడగడానికి వెళ్ళలేదు. ఆ పిల్లకు రైల్వేలో పెర్మనెంటు వాడితో సంబంధం కుదిరింది. శుభలేఖలు పంచే పని నాకే అప్పగించారు. ఒకసారి వాళ్ళ పెరట్లో ఒంటరిగా కనబడితే ఉండబట్టలేక, "నువ్వే కదే, అద్దం పెట్టి సూపించేవు" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "నీకు సూపించేను బావా. ఊరందరికీ సూపించమన్నానా?" అంది. ఆ గొంతులో కోపం ఉందో, ఏడుపు ఉందో నాకు ఇప్పటికీ తెలీదు. అవీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి.

తర్వాత దేవరాపల్లిలో బడిపంతులునయ్యాను. పెర్మనెంటే. స్టూలు కాదు, చేతుల కుర్చీ ఇచ్చారు. సరైన జవాబు రాస్తే మార్కులు వాటంతట అవే పడతాయని ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు చెప్పాను. చెబుతున్నప్పుడు ఒక్కోసారి నవ్వొచ్చి బోర్డు వైపు తిరిగిపోయేవాణ్ణి. మాస్టారు లెక్క వేస్తున్నారనుకునేవారు పాపం.