సర్వీసు లేని రోజుల్లో ఒక చేప, ఒక రొయ్య

అబిడ్స్‌లోని ఒక ప్రైవేటు కళాశాల తాతారావును పదకొండుసార్లు ఉద్యోగంలోకి తీసుకుంది, పదకొండుసార్లు తొలగించింది. తీసుకోవడం జూన్‌లో, తొలగించడం ఏప్రిల్‌లో. మధ్యనున్న రెండు నెలలు లెక్చరర్లకు వేసవి సెలవులు, తాతారావుకు నిరుద్యోగం. కాగితాల మీద దీని పేరు ‘సర్వీసులో విరామం’. పని చేసి అలసిన మనిషి తనంతట తాను తీసుకునేది విరామం. మనిషి చేతిలోని పనిని లాక్కుని, రెండు నెలల తరువాత అదే మనిషిని మొదటిరోజు ఉద్యోగిగా నిలబెట్టడానికి వేరే పేరుంది. ఆ పేరును యాజమాన్యం ఎన్నడూ టైపు చేయించలేదు.

తాతారావుది కాకినాడ పక్కన ఉప్పాడ. చేపలు పట్టే కుటుంబం. 1958లో హైదరాబాదు వచ్చి, అఫ్జల్‌గంజ్‌లో ఒక హోటల్లో ఐదేళ్లు గిన్నెలు కడిగాడు. 1963 జూన్‌లో కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో అటెండరుగా చేరాడు. సీసాల మీది ఇంగ్లీషు చీటీలు చదవలేడు, కాని ఏ సీసాలో ఏ జీవి ఉందో చీటీ ఊడిపోయినా చెప్పగలడు. అంకెలు వచ్చు. సంతకం వచ్చు.

1974 జనవరిలో ఒక మధ్యాహ్నం శాఖాధిపతి జగన్మోహనరావు ఒక విదేశీ పత్రికను బల్ల మీద పరిచి పిలిచాడు.

“ఇది విన్నావా తాతారావ్? ఒక చేపా ఒక రొయ్యా ఒకే బొరియలో కాపురం ఉంటాయట. రొయ్య తవ్వుతుందట, చేప కాపలా కాస్తుందట. పాశ్చాత్యులు ఈమధ్యనే కనిపెట్టారు.”

“మా ఏటిమొగలో, ఏరు సముద్రంలో కలిసేకాడ ఉంటాయండి. చిటికెల రొయ్య, కావలి చేప అంటామండి. రొయ్యకి చూపు ఆనదండి. మీసం చేప తోక మీద ఆనించి పెట్టుకుంటది. చేప తోకాడించిందంటే ఇది లోపలికి దూరిపోద్ది.”

“నువ్వు చూశావా?”

“చూడ్డమేంటండి, చిన్నప్పుడు పుల్లెట్టి కెలికేవోళ్లం. గట్టిగా చిటికేసినట్టు కొట్టేదండి. అది దాని పెద్ద గోరు చప్పుడు.”

ఆ ఏడాది కళాశాలకు జంతుశాస్త్రంలో పై కోర్సు కావాలి. విశ్వవిద్యాలయం కమిటీని పంపుతుంది. నగరంలో మరెక్కడా లేని సముద్రజీవుల జతను బతికుండగా చూపిస్తే కమిటీ మెచ్చుతుందని జగన్మోహనరావు లెక్క వేసుకున్నాడు. తాతారావును ఉప్పాడ పంపాడు. తాతారావు రెండు చేపలను, రెండు రొయ్యలను ఆవకాయ జాడీల్లో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. రేకు డబ్బాలో పోస్తే సముద్రపు నీరు చెడుతుందని అతనికి తెలుసు, అందుకే జాడీలు. దారిలో రొయ్య చిటికె వేసినప్పుడల్లా పక్క ప్రయాణికుడు ఉలిక్కిపడి “జాడీ పగిలింది చూసుకోవయ్యా” అన్నాడట. ఒక చేపా ఒక రొయ్యా దారిలోనే పోయాయి. ఒక జత మిగిలింది.

రెండడుగుల గాజుతొట్టి. ముందు రాళ్లను అడుగు గాజుకు ఆనించి పేర్చాడు, ఆ తరువాతే ఇసుక పోశాడు. జగన్మోహనరావు అందం కోసం ఇసుక మీద రాళ్లు పెట్టమన్నాడు. తాతారావు వినలేదు: ఇసుక మీద రాయి పెడితే రొయ్య దాని కిందనే తవ్వుతుంది, రాయి దాని నెత్తినే పడుతుంది. పదకొండు రోజులకు రాళ్ల మధ్య బొరియ తయారైంది. రొయ్య బుల్డోజరులాగా ఇసుకను బయటికి నెట్టేది. వేలెడంత చేప గుమ్మంలో నిలబడి నలుదిక్కులా చూసేది. వారానికొకసారి బావమరిది సామర్లకోటలో రైలెక్కించిన సముద్రపు నీటి జాడీ నాంపల్లి స్టేషన్లో దిగేది.

ఏప్రిల్ పదిహేనున మామూలుగా తొలగింపు కాగితం చేతికిచ్చారు. మరునాడు జగన్మోహనరావు పిలిపించాడు.

“కాలేజీకి తాళం వేసి కరెంటు కట్టేస్తాం. తొట్టి నీ ఇంటికి తీసుకుపో. జూన్ మూడున కమిటీ వస్తుంది. జత బతికుంటే నీ పోస్టు పర్మనెంటు చేయించే పూచీ నాది. చస్తే మాత్రం జూన్‌లో నువ్వు రానక్కర్లేదు.”

ఇదీ షరతు. ఉద్యోగంలో లేని మనిషికి జీతం లేని పని అప్పగించి, ఆ పని చెడితే లేని ఉద్యోగాన్ని కూడా తీసేస్తామనడం. తాతారావు తొట్టిని రిక్షాలో ఒళ్లో పెట్టుకుని, జతను జాడీలో వేసుకుని నాంపల్లి చేరాడు.

భార్య శేషారత్నం గుమ్మంలోనే అడిగింది. “పనిలోంచి తీసేసినోళ్ల పని నెత్తినెట్టుకొచ్చారా?”

“పర్మనెంటు చేస్తామన్నారే.”

“పదకొండేళ్లబట్టీ అంటానే ఉన్నారు.”

స్టేషన్ వెనక వాళ్లు కిరాయికుండే రేకుల గది విద్యావతిది. ఆమె బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన పంతులమ్మ, మూడు తరాలుగా ఆ నగరంలోనే ఉన్న ఇంటి మనిషి, నీచు ముట్టదు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఏంది తాతారావూ, ఇవి తినేటియా, చూసేటియా?”

“చూసేయండి అమ్మగారూ.”

“గోదావరోడు రొయ్యను ఇంట్ల బెట్టుకొని కూర వండకుంట ఉండుడు ఇయ్యాలనే చూస్తున్న. ఉండనీ. వాసనొస్తే మాత్రం నువ్వూ నీ రొయ్యా రెండూ బయటనే.”

జత మళ్లీ బొరియ తవ్వుకుంది, మళ్లీ పదకొండు రోజులు పట్టింది. మధ్యాహ్నాలు కరెంటు పోయినప్పుడు గాలి మోటారు ఆగేది. తాతారావు పాత లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి నింపి, సన్నని రబ్బరు గొట్టంతో కొంచెం కొంచెంగా నీటిలోకి వదిలేవాడు. గది కిటికీకి తడి గోనె కట్టాడు. రేకుల కింద మే నెల ఎండ. తొట్టిలో నీళ్లు రోజుకు గోరంత తగ్గేవి. తగ్గినంతా జాడీలోని సముద్రపు నీటితో నింపేవాడు. నల్లా నీళ్లు చుక్క పడనిచ్చేవాడు కాదు. ఉప్పాడ మనిషికి దానికి కారణముంది: గోదావరికి వరద వచ్చి తియ్యనీరు ఏటిమొగలోకి దూకితే అక్కడి రొయ్యలు చచ్చి తేలుతాయి. చిన్నప్పటి నుంచి కళ్లతో చూసినది.

మే ఎనిమిదిన రైల్వే కార్మికుల సమ్మె మొదలైంది. నాంపల్లి స్టేషన్లో పార్సిళ్లు నిలిచిపోయాయి. తాతారావు దగ్గర రెండు జాడీలు మిగిలాయి. అతని గది చుట్టుపక్కల ఉన్నవాళ్లు చాలామంది రైల్వే కూలీలు. పోలీసులు వాళ్ల ఇళ్లు వెతికి మనుషులను పట్టుకుపోయిన ఆ రోజుల్లో, తన జాడీలు రాలేదని తాతారావు సమ్మెను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి చెప్పుకోవలసినదే, ఎందుకంటే నెల జీతాలు ఆగని పెద్దమనుషులు అబిడ్స్‌లో కాఫీ తాగుతూ చాలా మాటలు అన్నారు.

పదిహేడో తేదీకి జాడీల అడుగున గ్లాసెడు నీరే మిగిలింది. పద్దెనిమిదిన చేప గుమ్మం వదిలి తొట్టి మూలకు చేరి, ఆయాసపడుతూ పడుకుంది. తోక ఆసరా దొరకక రొయ్య బయటికి రాలేదు. రెండు రోజులుగా చిటికె వినిపించలేదు. తాతారావు వెళ్లి విద్యావతిని తొట్టి దగ్గరికి పిలుచుకొచ్చాడు.

“సముద్రం నీళ్లు లేక చస్తన్నాయండి అమ్మగారూ. రైలు నడిచేదాకా ఆగవు.”

విద్యావతి కళ్లద్దాలు సవరించుకుని తొట్టి అంచుకు వేలు రాసింది. గాజు మీద, ఇనప చట్రం మీద తెల్లని పొర. వేలు నాలుకకు తగిలించుకుని ఉమ్మేసింది.

“ఇదేంది?”

“ఉప్పండి.”

“నీళ్లు ఆవిరైతయి, ఉప్పు ఆవిరైతదా? రత్నం, నువ్వు చెప్పు. పొయ్యి మీద చారు మరిగి మరిగి సగమైంది. అండ్ల మళ్ల ఉప్పేసిన చారే పోస్తవా, నీళ్లు పోస్తవా?”

“నీళ్లేనండి,” అంది శేషారత్నం.

“నెలరోజుల సంది నీ మొగడు చారుల చారు పోస్తుండు.”

“వరదొస్తే రొయ్య చస్తదండి,” అన్నాడు తాతారావు. “నా కళ్లతో చూశాను.”

“వరద అంటే గోదారి. నేను చెప్పేది చెంబెడు. జర ఆగు.”

ఆమె ఇంట్లోకి వెళ్లి లాక్టోమీటరు తెచ్చింది. పాలవాడు నీళ్లు కలిపాడో లేదో పట్టుకోవడానికి ఆమె పదేళ్లుగా వాడుతున్న గాజుపుల్ల అది. పాలు పలచనైతే మునుగుతుంది, చిక్కనైతే తేలుతుంది, మెడ మీద అంకెలుంటాయి. జాడీ అడుగున మిగిలిన సముద్రపు నీటిని ఒక పొడుగు గ్లాసులో పోసి అందులో వేసింది. ఇరవై నాలుగు. తొట్టి నీటిలో వేసింది. ముప్పై ఆరు.

తాతారావు అంకె చూశాడు. మళ్లీ వేయమన్నాడు. ముప్పై ఆరే. ఉప్పాడలో సముద్రం ఎన్నడూ తగ్గదు. అందువల్ల తగ్గిన సముద్రాన్ని దేనితో నింపాలో అక్కడ ఎవరూ నేర్చుకోవలసిన అవసరం రాలేదు. అతను చేసినది అశ్రద్ధ వల్ల జరిగిన తప్పు కాదు, తెలిసినదాన్ని నమ్మడం వల్ల జరిగిన తప్పు.

“మొత్తం ఒక్కసారే పోస్తే?” అంది శేషారత్నం.

“అప్పుడు వరదే,” అన్నాడు తాతారావు.

నల్లా నీటిని బ్లీచింగు మందు వాసన పోవడానికి రెండు రోజులు వెడల్పాటి చట్టిలో ఉంచాడు. రోజూ తొట్టిలోంచి కొంత ఉప్పునీరు తీసి, అంతే తియ్యనీరు ఒక్కొక్క గ్లాసుగా వదిలాడు. రోజుకు ఒక్క అంకె మాత్రమే దించాలని విద్యావతి తీర్పు. ముప్పై ఒకటి దగ్గర చేప గుమ్మానికి తిరిగి వచ్చింది. ముప్పై దగ్గర రొయ్య మీసం బయటికొచ్చి చేప తోకను వెతుక్కుంది. ఆ సాయంత్రం చిటికె వినిపించింది. విద్యావతి తన వంటింట్లోంచే అరిచింది. “బతికిందిరా నీ పర్మనెంటు!”

మే ముప్పై ఒకటిన జగన్మోహనరావు హిమాయత్‌నగర్ నుంచి వచ్చాడు. జతను చూసి సంతోషించి, మూడో తేదీ పొద్దున తొట్టిని కళాశాలకు చేర్చమన్నాడు.

“కదిపితే బొరియ కూలిపోద్దండి. రొయ్య లోపలే సమాధి. విడిగా తీసుకెళ్లి మళ్లీ పెడితే గూడు కట్టడానికి పదకొండు రోజులు. మన దగ్గర మూడున్నాయి.”

“అయితే కమిటీని ఈ రేకుల షెడ్డుకు తీసుకురమ్మంటావా?”

“జత కావాలంటే అంతేనండి.”

జగన్మోహనరావు తొట్టిలోకి మరోసారి వంగి చూశాడు. “సరే. వాళ్లడిగితే కాలేజీ అటెండరునని చెప్పు. అంతకంటే ఒక్క మాట మాట్లాడకు.”

జూన్ మూడున కమిటీ అధ్యక్షుడు శ్రీపతి, మరో ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. శ్రీపతి అరగంట తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. రొయ్య ఇసుక నెట్టడం, చేప తోక ఆడించగానే లోపలికి పోవడం చూశాడు. నీటిలో ఉప్పు ఎలా కొలిచారని అడిగితే తాతారావు లాక్టోమీటరు చూపించాడు. ప్రొఫెసర్లు నవ్వారు, శ్రీపతి నవ్వలేదు.

“ఏప్రిల్ నుంచి ఇది చూసుకున్నది మీరేనా?”

“నేనేనండి.”

“కాలేజీలో మీ హోదా?”

జగన్మోహనరావు అందుకున్నాడు. “మా అటెండరండీ. చాలా నమ్మకస్తుడు.”

శ్రీపతి తాతారావు వైపే చూస్తున్నాడు. తలుపు దగ్గర శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవునంటే చాలు. ఆ ఒక్క మాటకు శాఖాధిపతి పూచీ ఉంది. కాదంటే ఆ పూచీ ఉండదు.

“ఇప్పుడు ఏ హోదా లేదండి,” అన్నాడు తాతారావు. “ఏప్రిల్ పదిహేనున తీసేశారండి. ప్రతేడూ తీసేస్తారండి. తొట్టి మాత్రం కాలేజీదండి.”

శ్రీపతి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. వీధిలోకి వచ్చాక జగన్మోహనరావు వెనక్కి తిరిగి పళ్లు నూరాడు. “నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. నీ కొంప నువ్వే తీసుకున్నావు.”

వారం తరువాత కమిటీ నివేదిక వచ్చింది. ప్రదర్శించిన జీవులను కళాశాల సేవలో లేని వ్యక్తి తన సొంత ఇంట్లో కాపాడాడనీ, ఆ వ్యక్తికి ప్రయోగశాలలో శాశ్వత నియామకం జరిగి, నియామకపు నకలు జూన్ ఇరవై రెండు లోపల అందితేనే కోర్సుకు సిఫారసు చేస్తామనీ అందులో ఉంది.

పదిహేడున కళాశాల నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. విద్యావతి చదివి పెట్టింది.

“పర్మనెంటే. కానీ ఇయ్యాల్టి సంది కొత్తగ తీసుకున్నట్టు రాసిన్రు.”

తాతారావు ఉత్తర్వు మడిచి పట్టుకుని అబిడ్స్ వెళ్లాడు.

“పదకొండేళ్లు ఏమైనాయండి?”

“పర్మనెంటు అడిగావు, ఇచ్చాం. సంతకం చెయ్యి,” అన్నాడు జగన్మోహనరావు.

“నేను 1963లో చేరానండి.”

“మధ్యలో విరామాలున్నాయి.”

“విరామంలో మీ చేపను ఎవరు చూశారో కమిటీ రాసిందండి.”

సంతకం పెట్టకుండా ఇంటికి వచ్చాడు. శేషారత్నం అన్నం పెట్టింది. మరునాడు మనిషి వచ్చి పిలిచాడు, తాతారావు వెళ్లలేదు. ఆ తరువాతి రోజు హెడ్‌క్లర్కు వచ్చి “ఇంత పట్టుదల మంచిది కాదు” అన్నాడు. తాతారావు మజ్జిగ ఇచ్చి పంపించాడు. నలభై మంది విద్యార్థుల కోర్సు, దానికి కావలసిన ఒక్క సంతకం నాంపల్లిలోని రేకుల గదిలో మూడు రోజులు ఆగాయి.

ఇరవై ఒకటిన ఉత్తర్వు మళ్లీ టైపు చేయించి హెడ్‌క్లర్కు చేత పంపారు. తాతారావు ఇంగ్లీషు అక్షరాలు చదవలేడు కనుక అంకెల కోసం వెతికాడు. రెండో పంక్తిలో 1963 ఉంది. దాని మీద వేలు పెట్టి, అది ఏ సందర్భంలో ఉందో చదివి చెప్పమని హెడ్‌క్లర్కును అడిగాడు. సర్వీసు ఆ సంవత్సరం జూన్ నుంచి ఎడతెగనిదిగా పరిగణించబడునని ఆయన చదివాడు. ఇంకోసారి చదవమన్నాడు. ఆయన చదివాడు. అప్పుడు తాతారావు వేలు తీసి, కలం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.