కెమెరాకు కుట్టిన ముసుగు

టైలరమ్మ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూడా బేరమాడగలదు. ఒకసారి అలాగే తుమ్మితే సూదులన్నీ దూసుకెళ్లి ఎదుటిగోడ మీద పైజామా ఆకారంలో గుచ్చుకున్నాయట. వీధిలో ఎవరినడిగినా కళ్లారా చూశామనే అంటారు. ఆ సంగతి ఎలా ఉన్నా, ఇది మాత్రం నిఖార్సైన నిజం: నలభై ఏళ్లలో ఒకరి కొలత ఇంకొకరి చెవిన పడనివ్వలేదు. టేపు చూస్తుంది, పెదవి కదపదు, నేరుగా గుడ్డ మీద సుద్దతో గీస్తుంది. అందుకే లావుపాటి ఆడవాళ్లంతా రెడీమేడ్ షాపులు దాటుకుని మరీ ఆమె ముందుగదికి వస్తారు.

పోయినేడు మోకాలు పట్టు తప్పి మిషను పక్కనే పడింది. దెబ్బ చిన్నది, నర్సుగా చేసే కూతురి భయం పెద్దది. ముందుగది మూలన, పైన, నిమ్మకాయంత కెమెరా బిగించింది.

"బట్టలు మార్చుకునే కర్టెను అవతలికి కనపడదులేమ్మా. నువ్వు కనపడకపోతే ఫోన్ చేస్తా, అంతే."

"బాత్రూంలో ఉంటే? ఫోన్ కోసం పరిగెత్తి మళ్లీ పడమంటావా?"

కూతురు నవ్వింది, కెమెరా మాత్రం తియ్యలేదు.

ఒకరోజు లైబ్రరీలో చేసి రిటైరైన పెద్దావిడ కర్టెను వెనక సగం తొడిగిన గౌనులో నిలబడి ఉంది. టైలరమ్మ తల వాల్చి, వేసిన కుట్టు విప్పుతోంది. ఆ పనిలో ఆమె వేళ్లు తప్ప ఏదీ కదలదు. ఆస్పత్రిలో ఫోన్ చూసిన కూతురికి అమ్మ మిషను మీద వాలిపోయినట్టు కనిపించింది. ఫోన్ చేస్తే, అది గుడ్డల కింద మూలిగింది. వెంటనే పక్కవాటాలో ఉండే బస్సు డ్రైవరుకు ఫోన్ చేసి పంపింది. అతను బ్రేకుల్లేని బస్సులా దూసుకొచ్చి, కాలికి గుడ్డ తట్టుకుని, పడకుండా కర్టెను పట్టుకున్నాడు. కర్టెను, రాడ్డు అతనితోపాటే కిందికొచ్చాయి.

పెద్దావిడ కేకలు వెయ్యలేదు. చీర చుట్టుకుని పైకి చూసింది.

"అది ఎప్పట్నుంచి ఉంది?"

"పోయినేటి నుంచి."

"నాకు చెప్పలేదే."

అంతే, వెళ్లిపోయింది. ఆ మాటకు టైలరమ్మకు మోకాలికన్నా ఎక్కువే నొప్పెట్టింది.

సాయంత్రం కూతురు వచ్చింది. "భయమేసిందమ్మా."

"నీ భయం నాకు తెలుసే. కానీ ఇక్కడికొచ్చేవాళ్లు నన్ను నమ్మి బట్టలు విప్పుతారు. వాళ్లనడక్కుండా ఇక్కడ కన్ను పెట్టే హక్కు నాకే లేదు, నీకెక్కడిది? పోనీ నా సంగతి చూడు. కుట్లు విప్పేటప్పుడు మీ నాన్నను తిట్టుకుంటా, ఒక్కోసారి ఏడుస్తా. అది నా సొంతం."

కూతురు స్టూలెక్కి కెమెరా దింపింది. టైలరమ్మ దానికీ టేపు పెట్టి కొలిచింది. కొలత పైకి చెప్పలేదు. అస్తరు వేసి, బొత్తాం పెట్టి ముసుగు కుట్టి తొడిగింది, కెమెరాను చేతికందే ఎత్తులో గోడకు పెట్టించింది. ఇకపై పొద్దున్నే తనే విప్పుతుంది, కూతురికి మొహం చూపించి మూసేస్తుంది. విప్పని రోజు కూతురు రావాలి.

"మధ్యలో పడితే?"

"మెళ్లో విజిల్ వేసుకుంటా. డ్రైవరు వేగం చూశాంగా. తలుపు మాత్రం కొట్టి రమ్మను."

మర్నాడు కుంటుకుంటూ పెద్దావిడ ఇంటికి వెళ్లి, దాచకుండా అంతా చెప్పింది. ఆవిడ వారం తిరిగాక వచ్చింది. నేరుగా కెమెరా దగ్గరికి వెళ్లి బొత్తాం లాగి చూసింది. గట్టిగానే ఉంది. అప్పుడు కర్టెను వెనక్కి వెళ్లి, "ఇదిగో, నడుం దగ్గర కాస్త వదులు చెయ్యాలి" అంది.