ప్రసూనాంబ టీచరు ఎనిమిది చప్పట్లు

"ఎప్పుడూ" అన్న మాట ప్రసూనాంబ టీచరు ముందు ఊరికే వాడి క్షేమంగా బయటపడ్డవాళ్ళు పెదలోగిలిలో లేరు. "ఎన్నడూ" అన్నవాళ్ళ గతి ఇంకా అన్యాయం. మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆవిడ తాళం వేయడానికి చెయ్యెత్తి, "ఎనిమిదిలో ఎన్ని?" అని అడిగేది. అవతలివాడు జవాబు చెప్పేదాకా తను కదిలేది కాదు, వాణ్ణి కదలనిచ్చేదీ కాదు.

ఆవిడ పుట్టింది విజయనగరంలో, సంగీతం వాళ్ళింట్లో. అక్షరాలకంటే ముందు ఆదితాళం నేర్చుకున్న మనిషి. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి సెలవులు కాగానే శృంగవరపుకోట దగ్గరున్న పెదలోగిలి హైస్కూలుకి ఇంగ్లీషు టీచరుగా వచ్చింది. వచ్చి చూస్తే ఆరో తరగతి పిల్లలు "ఆల్వేస్ అనగా ఎల్లప్పుడును, నెవర్ అనగా ఎన్నడును కాదు" అని కళ్ళు మూసుకుని వల్లిస్తున్నారు. కళ్ళు తెరిచి ఒక్క వాక్యం చెప్పమంటే ఎవరికీ నోరు పెగల్లేదు.

ఆ రోజే పుస్తకాలు మూయించింది. తాళానికి ఎనిమిది దెబ్బలు. ఎనిమిదీ చప్పట్లు కొడితే ఆల్వేస్. ఆరో ఏడో కొడితే యూజువల్లీ. ఐదైతే ఆఫెన్, మూడో నాలుగో అయితే సమ్‌టైమ్స్, ఒకటో రెండో అయితే రేర్లీ. మిగిలిన దెబ్బలకి చెయ్యి గాలిలో తిప్పాలి. ఎనిమిదీ గాలిలోనే తిప్పితే నెవర్. ఎవరి వాక్యం వాళ్ళు, వాళ్ళింటి సంగతి చెప్పాలి, లెక్క నిజమై ఉండాలి. అప్పలసూరి అనే పిల్లాడు "ఐ ఆల్వేస్ బ్రష్ మై టీత్" అంటే తరగతి అంతా వాడి పళ్ళు పరిశీలించి ఐదు చప్పట్లకి దించింది.

హెడ్మాస్టరు నారాయణమూర్తిగారి గది ఆ తరగతి పక్కనే. ఆయనకి జీవితంలో ఒక్కటే కోరిక, సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టేలోగా ఏ గొడవా రాకూడదు. గోడ అవతల చప్పట్లు మోగినప్పుడల్లా ఆయన గడియారంకేసి చూసుకునేవారు. ఒకరోజు ధైర్యం చేసి పిలిపించారు.

"ప్రసూనాంబగారూ, మీరు ఎప్పుడూ నా మాట వినరు."

"ఎనిమిదిలో ఎన్ని సార్?"

ఆయన న్యాయమైన మనిషి. వేళ్ళు మడిచి గుర్తు చేసుకున్నారు. "మూడుసార్లు విన్నారనుకుంటాను."

"సమ్‌టైమ్స్ వింటున్నానన్నమాట. వినని ఐదూ ఏమిటో చెప్పండి, ఎందుకు వినలేదో నేను చెప్తాను."

లాంగ్ బెల్లు కొట్టేదాకా చెప్పింది.

ఊళ్ళోనూ ఇదే వరస. కోట బస్సు ఎప్పుడూ ఆలస్యమేనని ఎవరో విసుక్కుంటే ఆవిడ కండక్టరు తరఫున నిలబడింది. ప్రయాణికులంతా వాదించుకుని ఎనిమిదిలో ఆరని తేల్చారు. "సూసినారా, టీచరమ్మ నాయం తప్పదు" అని కండక్టరు మురిసిపోయాడు. వెనక సీటులోంచి ఒక ముసలమ్మ, "ఆ మిగతా రెండుసార్లూ బస్సే రానేదు కదేటి నాయనా" అని గుర్తు చేసింది.

తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరుగారి సంగతి మరీ ఘోరం. రోజూ బడికొస్తారా అని ఆయన పిల్లల్ని అడిగితే, సంత రోజు మినహాయించి ఏడు చప్పట్లు కొట్టారు. ఊరుకుంటే బాగుండేది. చిన్నతల్లి అనే పిల్ల లేచి, మీరు మా బడికి ఎన్నిసార్లు వస్తారు సార్ అని చక్కటి ఇంగ్లీషులో అడిగింది. ఆయన నవ్వి "ఆల్వేస్" అన్నారు. తరగతి అంతా ఏడుసార్లు చేతులు గాలిలో తిప్పి, ఒక్క చప్పట కొట్టి కూర్చుంది. ఇన్‌స్పెక్టరుగారి కోసం తెప్పించిన సోడా నారాయణమూర్తిగారే తాగేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు. డిసెంబరులో పద్మకుమారి చెప్పిన వాక్యం ఒక ఎత్తు. ఆ పిల్ల బడి కమిటీ అధ్యక్షుడు అప్పలనరసింహం నాయుడుగారి కూతురు. లేచి, "మై మదర్ ఆల్వేస్ ఈట్స్ లాస్ట్" అంది, మా అమ్మ ఎప్పుడూ అందరి తర్వాతే తింటుంది అని.

"ఎనిమిదీనా?" అంది టీచరు.

"ఎనిమిదీ" అని ఆ పిల్ల కొట్టి చూపించింది. తరగతి కూడా కొట్టింది. సాయంత్రం ఇంటికి పోతూ పిల్లలు నాయుడుగారి అరుగు ముందు ఆగి మరొకసారి కొట్టి మరీ వెళ్ళారు. అరుగు మీద నలుగురు పెద్దమనుషులున్నారు. ఎందుకురా ఈ చప్పట్లు అని వాళ్ళు అడగడం, పిల్లలు తెలుగులో విడమర్చి చెప్పడం జరిగిపోయింది.

మర్నాడు నాయుడుగారు కూతుర్ని రెక్క పుచ్చుకుని హెడ్మాస్టరు గదిలోకి వచ్చారు.

"ఏటి మేస్టారూ ఇది? మా ఇంట్ల ఎవులు ముందు తింతారో, ఎవులు ఎనకాల తింతారో ఊరికెందుకు? ఇంగిలీసు నేర్పమంతే ఇంటి గుట్టు లాగుతారేటి?"

"కూర్చోండి నాయుడుగారూ, మంచినీళ్ళు..."

"నీల్లొద్దు. తప్పయిపోనాదని ఆ టీచరమ్మ కాయితం రాసివ్వాల. నేదా, మా గుంట రేపట్నించి బడికి రాదు."

నారాయణమూర్తిగారు మనసులో లెక్క వేసుకున్నారు. ఆరో తరగతిలో ఆడపిల్లలు ఐదుగురే. నాయుడుగారి పిల్ల మానేస్తే మిగతా నలుగురూ వారం తిరక్కుండా మానేస్తారు. ఈ ఊళ్ళో నాయుడుగారు చేసిన పని మిగతావాళ్ళు చేయకుండా ఉండరు. ఆయన టీచరుని పిలిపించి, కళ్ళతోనే బతిమాలారు.

ప్రసూనాంబ ఆయన కళ్ళకేసి చూడలేదు. "నాయుడుగారూ, మాట నేను నేర్పాను. లెక్క మీ ఇంటిది. దాన్ని నేనెలా దిద్దుతాను?"

"అబద్దమని సెప్పవే మీ టీచరమ్మతోటి" అని నాయుడుగారు కూతుర్ని కసిరారు.

పద్మకుమారి తండ్రి మొహంలోకి చూసింది. భయం లేకపోలేదు. అయినా తడబడకుండా ఎనిమిది చప్పట్లూ కొట్టి, "నానేటి అబద్దం సెప్పినాను నాన్నా?" అంది.

"రెండు ముక్కలే కదండీ, రాసేస్తే పోయె" అన్నారు హెడ్మాస్టరు నీరసంగా.

"నిజం చెప్పిన పిల్లని అబద్ధాలకోరని రాయను సార్. కావాలంటే నన్ను బదిలీ చేయించండి. భావనపాడు తోలేస్తే సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి బెస్తపిల్లలకీ ఇదే పాఠం చెప్తాను." అని నాయుడుగారివైపు తిరిగింది. "మీకు నెగ్గాలని ఉంటే దారి చెప్తాను. ఆల్వేస్ అంత బలహీనమైన మాట ఇంకోటి లేదు. ఒక్క పూట తప్పితే చచ్చిపోతుంది. మీ ఇంటావిడ కూర్మమ్మగారు ఒక్క పూట మీకంటే ముందు కడుపునిండా తింటే, నా పాఠం తప్పని పిల్లలందరి ముందూ క్షమాపణ చెప్తాను. కానీ ఆ లెక్క పద్మకుమారే బడికొచ్చి చెప్పాలి."

"ఒక్క పూటేనా?"

"ఒక్క పూటే."

నాయుడుగారు మీసం దువ్వుకున్నారు. "ఓస్, ఇంతేకదా. రేపే ఒస్తాను."

మర్నాడు వచ్చారు, ఒంటరిగా. నారాయణమూర్తిగారి ఎదుట కూలబడ్డారు.

"కూకోమన్నాను మేస్టారూ. ఏడుపు లంకించుకున్నాది. నానేటి తప్పు సేసినాను, నన్నేల ఒగ్గేత్తన్నావు అంతాది."

ఆ తర్వాతి రోజు మళ్ళీ వచ్చారు. "రెండు ముద్దలు తిని లేసిపోనాది. కంచం కాలీ అయితేగానీ లెక్కలోకి రాదంతాది మా గుంట."

ఇంకో రోజు, "నిన్న సోమారమట, ఒక్కపొద్దట" అన్నారు.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. "బలమంతాన కూకోబెట్టినాను మేస్టారూ. కూకున్నాక సూత్తే ఒడ్డించినోలు నేరు. పదారేల్లయినాది పెల్లయి. దానికి ఒడ్డించాలని మా ఇంట్ల ఎవులికీ తోసనేదు."

హెడ్మాస్టరు మంచినీళ్ళు ఇచ్చారు. ఈసారి నాయుడుగారు తాగారు.

ఐదోసారి కూతురితో వచ్చారు. ఊరంతా వినేలా, "తిన్నాది. కంచం కాలీ. ఇదిగో నా సాచ్చి" అన్నారు.

ప్రసూనాంబ అన్నమాట నిలబెట్టుకుంది. ఇన్‌స్పెక్టరుకే తలవంచని మనిషి, ఇరవై ఏడుగురు పిల్లల ముందు నిలబడి, "నా పాఠం తప్పింది, నాయుడుగారు నన్ను క్షమించాలి" అంది. పద్మకుమారి లేచి, "మై మదర్ యూజువల్లీ ఈట్స్ లాస్ట్" అని దిద్దింది. ఏడు చప్పట్లు మోగాయి, ఎనిమిదో దెబ్బకి చేతులన్నీ గాలిలో తిరిగాయి. నాయుడుగారు గుమ్మందాకా ఠీవిగా నడిచి అక్కడ ఆగారు.

"ఏడంతే కూడా ఎక్కువేనేటి టీచరమ్మా?"

"తగ్గిస్తానంటే ఎవరొద్దన్నారు నాయుడుగారూ?"

ఆయన ఆలోచించుకుంటూ వెళ్ళారు.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసు కదూ" అన్నారు నారాయణమూర్తిగారు తర్వాత.

"ఆయన చెడ్డమనిషి కాదు సార్. ఎవరూ లెక్కపెట్టి చూపించలేదు, అంతే. ఓడిపొమ్మంటే ఒప్పుకోడు కదా, అందుకని నేనే ఓడాను."

ఆ రోజు నారాయణమూర్తిగారికి చాలా సిగ్గేసింది. అన్ని నెలలు గోడకివతల గోల అనుకున్నది, గోడకవతల ఒక మనిషి పిల్లలందరి ఇళ్ళ సంగతీ రోజూ కనుక్కోవడం. పొద్దున్న తినే ఇల్లేదో, తినని ఇల్లేదో ఆవిడకి చప్పట్లలో తెలిసిపోయేది. పొద్దున్న అన్నం తినడానికి ఒక్క చప్పటే కొట్టే చిన్నతల్లి పక్కన ఆవిడ తన టిఫిను డబ్బా రోజూ ఎందుకు మరిచిపోతుందో ఇప్పుడు ఆయనకి అర్థమైంది.

మాఘమాసంలో ఒక ఆదివారం నాయుడుగారు టీచరునీ హెడ్మాస్టరునీ భోజనానికి పిలిచారు. భోజనానికంటే సాక్ష్యానికి అనడం సబబు. లెక్క నాలుగుకి దిగిందని, ఇవాళ్టితో మూడవుతుందని ఆయన గుమ్మంలోనే చెప్పేశారు. లోపల పీట మీద కూర్మమ్మగారు కూర్చుని తింటోంది. నాయుడుగారు గరిటె పట్టుకుని పక్కన నిలబడ్డారు. పద్మకుమారి కంచంకేసి చూస్తూ గోడకానుకుంది.

ఆవిడ తీరిగ్గా తింటోంది. మొదటి రోజుల ఏడుపు జాడ ఎక్కడా లేదు. పప్పు అయింది, గోంగూర అయింది, పులుసు రెండుసార్లు అయింది. నారాయణమూర్తిగారికి ఆకలి నకనకలాడుతోంది. "పులుసు ఏడేడిగా ఉంతే ఇలగుంతాదని నాకు తెల్దు టీచరమ్మా, నానే వొండుతాను గానీ" అంది కూర్మమ్మగారు.

"నిదానంగా తినండి" అంది ప్రసూనాంబ.

ఊళ్ళో ఎవరి ముందూ నడుం వంచి ఎరగని నాయుడుగారు మజ్జిగ ముంత ఎత్తి, నిలువునా నిలబడే పోయబోయారు. కూర్మమ్మగారు కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అంత ఎత్తునించి పోత్తే సిందుతాది. ఒంగి పొయ్యండి."

నాయుడుగారు వంగి పోశారు.