ధర తగ్గుతున్న రోజుల్లో మా బంకు

ఎక్కడో విదేశాల్లో ముడిచమురు ధర పడిపోతోందని టీవీలో చెప్పిన రోజు మా ఇంట్లో అన్నం సహించేది కాదు. వినేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. బంకు నడిపేవాళ్లకు పెట్రోలు ధర తగ్గితే బాధేమిటని మా పుట్టింటివాళ్లే అడిగేవారు.

మా బంకు మడకశిర నుంచి కర్ణాటక సరిహద్దుకు పోయే రోడ్డు పక్కన ఉండేది. మా మామగారు పెట్టింది. ఆయన పోయాక మా ఆయన చూసుకునేవారు. ఇల్లు బంకు వెనకే, రెండు గదులూ ఒక వంటిల్లూ. వంటింటి కిటికీలోంచి పంపులూ, వాటి మీద ఎత్తుగా రేకుల కప్పూ, రోడ్డుకు అవతల వేరుశనగ చేలూ కనిపించేవి. వాన పడిన ఏడాది చేలు పచ్చగా ఉండేవి. నేను చెప్పే సంవత్సరాల్లో మాత్రం ఎర్రమట్టే ఎక్కువ కనిపించేది.

అప్పట్లో ధర పదిహేను రోజులకోసారి మారేది. ట్యాంకరు లోడు రావాలంటే ముందే డబ్బు కట్టాలి. అలా పాత ధరకు కొన్న సరుకు భూమిలోని ట్యాంకులో నిండుగా ఉండగా ధర తగ్గిందంటే, ఆ తగ్గిందంతా మా నెత్తి మీదే. అందుకని ధర తగ్గబోతోందని వినగానే చుట్టుపక్కల బంకులవాళ్లు లోడు ఆపేసేవారు. ఉన్నది అడుగంటేదాకా అమ్ముకుని, కొత్త ధర వచ్చాక తెప్పించుకునేవారు. మా ఆయనా అంతే. మధ్యలో ఒకటి రెండు రోజులు పంపులకు గోనెపట్టాలు కప్పి, స్టాక్ లేదని రాసిన అట్టను తాడుతో వేలాడదీసేవారు.

పోనీ, జనానికైనా సంతోషంగా ఉండేదా అంటే అదీ లేదు. బండి ఆపిన ప్రతివాడూ మా ఆయనతో తగువు పెట్టుకునేవాడు.

"ఏం శెట్టీ, బయట దేశాల్లో అంత పడిపాయ అంటాండారు. నువ్వేమో చిల్లర తగ్గిచ్చి కూచున్నావు."

"నేను తగ్గిచ్చేదేముందన్నా? ఆడ తగ్గినాదని ఢిల్లీలో ఒక పన్ను పెంచిరి, ఈడ ఇంకొకటి పెంచిరి. నాకొచ్చే కమీషను ముందెంతో ఇప్పుడూ అంతే."

ఎవరూ నమ్మేవారు కాదు. సరిహద్దు దాటితే కర్ణాటక బంకులో లీటరు మీద కొన్ని రూపాయలు తక్కువ. మోటారుసైకిళ్లు మా ముందు నుంచే అటు పోయేవి. లారీవాళ్లు అటు వెళ్లి ట్యాంకు నింపుకుని వచ్చి, మా దగ్గర టైర్లకు గాలి మాత్రం పెట్టించుకునేవారు. చమురు అంత చవకైనా బస్సు చార్జీ తగ్గలేదు, సంతలో కూరగాయలూ తగ్గలేదు. తగ్గినదల్లా మా పంపుల దగ్గర మనుషులే.

అప్పుడు కూడా మమ్మల్ని వదలని మనిషి ఒకడు ఉండేవాడు. సొంత టెంపో పెట్టుకుని పల్లెల్లో గొర్రెల్ని ఎక్కించుకుని సంతలకు తోలేవాడు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడేవాడు. రెండూ కలిపి మాట్లాడుతుంటే నాకు నవ్వొచ్చేది. అతను వచ్చాడంటే నేను కాఫీ పట్టుకెళ్లేదాన్ని. గొర్రెల వాసనా డీజిల్ వాసనా కలిసిన చేత్తో గ్లాసు అందుకుని, ఒక్క గుక్కలో తాగేసేవాడు.

"ఆ పక్క చవక గదప్పా, నువ్వేల పోవు?" అని ఒకసారి మా ఆయనే అడిగారు.

"పోతే దుడ్లు మిగులుతాయి శెట్టీ. కాఫీ ఎవురిస్తారు?" అన్నాడు.

ఒక రోజు పొద్దున అతను వచ్చేసరికి పంపులకు గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. మర్నాడు ధర తగ్గుతుందని అందరూ అనుకుంటున్నారు. టెంపోలో వీపుల మీద అతని ఎర్ర రంగు గుర్తులున్న గొర్రెలు ఒకదాని మీద ఒకటి తలలు పెట్టి నిలబడి ఉన్నాయి. నేను కాఫీ తెస్తుంటే అతను అట్ట వైపు చూసి నవ్వుతున్నాడు.

"ఏం శెట్టీ, నీ బావి గూడ ఎండిపాయనా?"

మా ఆయన కూడా నవ్వారు. "రేపు నిండుతాదిలే. బండ్లో ఉండాదా ఏమన్నా?"

"డీజిల్ ముల్లు కిందికి పడిపోయి శానా సేపాయ. చూస్తాం. బోర్డరు దాటేదాకా వస్తాదేమో."

"అయితే ఆడ పోయించుకో పో. నీకూ మిగులుతాయి."

అతను గ్లాసు నా చేతికిచ్చి, బండి ఎక్కి వెళ్లిపోయాడు. అంతే. అంతకు మించి ఒక్క మాట లేదు.

మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను. కిటికీలోంచి చూస్తే పంపుల మధ్య గొర్రెలు నిలబడి ఉన్నాయి. ఎండకు రేకుల కప్పు కింద నీడలోకి వచ్చి, దగ్గరదగ్గరగా ఒత్తుకుని ఉన్నాయి. వీపుల మీద ఎర్ర రంగు గుర్తులు. తోలే మనిషి లేడు. ఒకదాని ముందు కాలు నేల మీద ఆనడం లేదు. అవి అరవడం లేదు. అన్ని గొర్రెలు ఉన్నచోట అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. మా ఆయన ఆఫీసు గదిలోంచి వచ్చి ఆ ఎర్ర గుర్తులు చూశారు. వెంటనే స్కూటరు తీసుకుని సరిహద్దు వైపు వెళ్లారు.

టెంపో సరిహద్దుకు ఇవతల, ఎత్తు ఎక్కే మలుపులో ఆగిపోయిందట. డీజిల్ అయిపోయింది. అతను దిగి బండి వెనక రాళ్లు పెడుతుంటే, పైనుంచి దిగుతున్న లారీ అదుపు తప్పి గుద్దింది. టెంపో పక్కకు ఒరిగి తలుపు ఊడిపోతే గొర్రెలు కిందికి దిగి, వచ్చిన దారినే నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాయి. మా ఆయన వెళ్లేసరికి అతని మీద ఎవరో టవలు కప్పి ఉంచారు.

కర్మకాండలయ్యాక అతని భార్య మా బంకుకు వచ్చింది. బాగా ఎత్తుగా, ఎండకు కమిలిన మొహంతో ఉన్న మనిషి. తగువుకే వచ్చిందనుకుని నేను బయటికి పరిగెత్తాను. ఆమె నేల మీద కూర్చుని, "కడాకు నీతోనే మాట్లాడినాడంట గదా శెట్టీ. ఏమన్నాడు?" అని అడిగింది.

మా ఆయన తల దించుకుని, ఆ బావి మాట చెప్పారు. ఆమె గట్టిగా నవ్వింది. "మా బోరు ఎండిపోయి నెల కాలేదు. ఊర్లో ఎవురు కనపడినా ఇదే మాట వానికి," అంది. నవ్వు ఆగకముందే ఏడుపు వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నేనిచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మా ఆయన ట్యాంకు ఖాళీ కానివ్వడం మానేశారు. ధర తగ్గుతుందని టీవీలో చెబుతుంటే, తోటి బంకులవాళ్లు ఫోన్లు చేసి హెచ్చరిస్తుంటే, ఈయన లోడుకు డబ్బు కట్టేవారు. పొద్దున లేచి మొహం కడగకముందే ట్యాంకు మూత తీసి, కొలత కడ్డీ దించి, తడి ఎంతవరకు ఉందో చూసేవారు. అది అందరూ చేసే పనే. ఈయన మాత్రం కడ్డీ తీశాక మూత వేయకుండా అలాగే వంగి ఉండేవారు, కింద ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. ఒకసారి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడ్డారు.

"ఏముందండీ ఆడ?"

"ఏం లేదు. నిండుగానే ఉండాది."

ధర తగ్గిన ప్రతిసారీ నష్టమే. తర్వాత తర్వాత ధర రోజూ పొద్దున్నే మారడం మొదలైంది. అప్పుడు నష్టం కూడా రోజూ కొంచెం కొంచెంగా వచ్చేది. నేనొక రోజు ఉండబట్టలేక, అందరిలాగా ఎందుకు చేయరని గట్టిగా అడిగాను. అప్పుడు చెప్పారు.

"జనరేటరు గదిలో డబ్బా ఉండె. కరెంటు పోతే పనికొస్తాదని డీజిల్ పోసి పెట్టింటి. వాడు వచ్చిన పొద్దు గూడ అది ఆడనే ఉండె. నాకు గుర్తుకే రాలేదు. వాడు చచ్చిపోయినంక, కరెంటు పోయి జనరేటరు వేద్దామని పోతే, కాలికి తగిలినాది."

గుర్తు రాకపోవడం తప్పెలా అవుతుందని అన్నాను. ఆయన విన్నారు. విన్నట్టు తల కూడా ఊపారు. ఆ జనరేటరును మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. కరెంటు పోతే చీకట్లోనే కూర్చునేవాళ్లం. బయట ఏదైనా టెంపో వేగం తగ్గితే ఆయన లేచి తలుపు దగ్గరికి పోయేవారు.

చివరికి ఆ మాట అతని భార్యకు కూడా చెప్పాలని ఆయనకు పట్టుకుంది. వద్దన్నాను. విన్లేదు. ఇద్దరం స్కూటరు మీద వాళ్ల పల్లెకు పోయాం. ఆమె కొట్టం ముందు గొర్రెలకు ఆకు వేస్తోంది. టెంపో అమ్మేసి, మిగిలిన గొర్రెల్ని తనే మేపుకుంటోంది. మమ్మల్ని చూసి చాప పరిచింది. మా ఆయన కూర్చోకుండా నిలబడే అంతా చెప్పారు, డబ్బా ఎక్కడుందో, ఎన్నాళ్ల నుంచి అక్కడే ఉందో కూడా.

ఆమె చేతిలో ఆకు కట్ట అలాగే ఉండిపోయింది.

"ఇది నాకెందుకు చెప్తివి శెట్టీ?" అంది.

"నీకు తెలియాలని..."

"తెలిసి ఏం చేసుకోవాల నేను? ఇన్ని దినాలు లారీవాన్ని తిట్టుకుంటాంటి. దేవున్ని తిట్టుకుంటాంటి. రాత్రికి నిద్ర పడతాండె. ఇంక కండ్లు మూస్తే నాకు ఆ డబ్బా కనపడతాది. నీ బరువు నువ్వు మోసుకోలేక తెచ్చి నా తల మీద పెడితివే."

మా ఆయన మోకాళ్ల మీద కూలబడ్డారు. ఆమె లేపలేదు. నా వైపు తిరిగి, "పిల్చుకొని పో అమ్మా ఈయన్ని," అంది. కోపంగా కూడా అనలేదు. వాన రాబోతుంటే ఆరేసిన బట్టలు తీయమన్నట్టు అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర స్కూటరు ఆగిపోయింది. పెట్రోలు నిండుగా ఉంది. ఎందుకు ఆగిందో తెలియదు. ఇద్దరం ఎండలో తోసుకుంటూ ఎత్తు దిగాం. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు, నేనే రెండు మూడుసార్లు చూశాను. ఎవరో వెనక నడుస్తున్నట్టే అనిపించింది నాకు.

కరోనా వచ్చినప్పుడు చమురు ధర ఎప్పుడూ లేనంతగా పడిపోయిందని, కొనేవాడే లేడని టీవీలో చెప్పారు. మా దగ్గర కూడా కొనేవాడు లేడు. ట్యాంకులు నిండుగా ఉన్నాయి, రోడ్డు మీద కుక్క కూడా లేదు. మా ఆయన మాస్కు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉదయం నుంచి సాయంత్రం దాకా పంపు పక్కన కుర్చీలో కూర్చునేవారు. లాక్‌డౌన్ తీసేశాక ధర మా దగ్గర తగ్గకపోగా పెరిగింది. వచ్చే కొద్దిమందీ సరిహద్దు అవతలికే పోయారు. ఇంక నడపలేమని కంపెనీకి చెప్పేశాం. వాళ్ల మనుషులు వచ్చి పంపులు విప్పుకుని వెళ్లారు. లోపల గ్యాసు చేరకుండా ఖాళీ ట్యాంకుల్లో ఇసుక నింపారు. ఇసుక జారుతున్న శబ్దం వంటింట్లోకి వినిపిస్తుంటే, ఆయన లోపలికి వచ్చి కుళాయి తిప్పి, నీళ్లు పారుతున్నంతసేపూ అలాగే నిలబడ్డారు.

ఇప్పుడు మేం అనంతపురంలో ఉంటున్నాం. మా ఆయన మా తమ్ముడి కిరాణా అంగట్లో కూర్చుంటారు. మనిషి బాగానే ఉన్నారు. నవ్వుతారు కూడా.

పోయిన నెల బంధువుల ఇంటికి మడకశిర వెళ్లి, తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాను. ఆ టెంపో మనిషి భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. జుట్టు నెరిసింది. కూతుర్ని అనంతపురంలో నర్సింగులో చేర్చిందట, చూసి రావడానికి పోతోంది. హాస్టల్లో తిండి గురించి, గొర్రెలకు నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే గాళ్ల జబ్బు వచ్చిన సంగతి చెప్పింది. ఒకే బస్సెక్కాం, దారి పొడుగునా చెబుతూనే ఉంది. దిగేటప్పుడు, "శెట్టి బాగుండాడా?" అని అడిగింది.

"బాగుండారమ్మా."

"నిద్ర పడతాదా?"

వెనక నుంచి జనం తోసుకొచ్చారు. ఆమె సంచి ఎత్తుకుని దిగిపోయింది.

ఇంటికి వచ్చి, ఆమె కనబడిందని మా ఆయనకు చెప్పాను. బాగున్నారా అని అడిగిందని చెప్పాను. రెండో ప్రశ్న మాత్రం చెప్పలేదు. ఆయన అప్పుడే అంగడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. చెంబు కింద పెట్టి, తడి కాళ్లతోనే చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయారు. వీధి దీపాలు వెలిగాక తిరిగి వచ్చారు. అన్నం పెట్టాను. కొంచెం తిన్నారు.